ఆ రోజు నిండిన పదిహేను మంచాలు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. మదనపల్లెలో పదిహేను మంచాల డీ-అడిక్షన్ సెంటర్‌లో, అంటే తాగుడు మాన్పించే కేంద్రంలో, నేను కౌన్సెలర్‌ని. చేరినవాళ్లతో, వాళ్ల ఇంటివాళ్లతో మాట్లాడటం నా అసలు పని. గ్రాంటు దరఖాస్తులు రాసేదీ నేనే. గ్రాంటంటే ఇలాంటి కేంద్రాలు నడపడానికి ప్రభుత్వం ఏటా ఇచ్చే నిధి. అది ఆగితే సెంటరుకు తాళమే.

దరఖాస్తు ఎంత బాగా రాసినా ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే అధికారి చూసేది మంచాలనే. ఖాళీ కనిపిస్తే ఇక్కడ అవసరం లేదని రాసుకుపోతాడని మా భయం. తాగేవాళ్లకేం కొదవ లేదు. కానీ టమాటా కోతల రోజుల్లో పని మానుకుని నెల రోజులు ఎవడు పడుకుంటాడు? అందుకని మాకొక పాడు అలవాటు ఉండేది. తాగుడు మానేసి వెళ్లిన పాతవాళ్లకు ఫోన్లు చేసి, ఆ ఒక్క పూటకు పిలిపించి మంచాల మీద పడుకోబెట్టేవాళ్లం. మా మీద అభిమానంతో కాదనకుండా వచ్చేవాళ్లు. ఆ ఏడాది ఏడుగురిని పిలిచాను. పుంగనూరు నుంచి ఇద్దరు, కుప్పం నుంచి ఒకాయన తెల్లవారుజామునే బస్సెక్కారు. కుప్పం ఆయనైతే లేని దగ్గు కూడా తెచ్చిపెట్టుకున్నాడు. చూసి నవ్వుకున్నాం, సిగ్గులేకుండా.

అధికారి డాక్టరు గదిలో రికార్డులు చూస్తుండగా, రామసముద్రం వైపు పల్లె నుంచి ఒకామె భర్తను నడిపించుకుంటూ వచ్చింది. పేరు మార్చి మంగమ్మ అంటాను. తాగి వస్తే చేర్చుకోరని ఎవరో చెప్పారట. రెండు రోజులు గదిలో పెట్టి గొళ్లెం వేసి, చుక్క తాగనివ్వకుండా తీసుకొచ్చింది. ఆయన చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటూ అరచేత్తో తుడుస్తున్నాడు.

దాన్ని మేం విత్‌డ్రాయల్ అంటాం. ఏళ్ల తరబడి మందుకు అలవాటైన ఒళ్లు ఉన్నట్టుండి మానేస్తే తట్టుకోలేదు. ఫిట్స్ వస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు. నాకు తెలియదని చెప్పుకోవడానికి లేదు. రోజూ ఇంటివాళ్లకు చెప్పేది నేనే.

"మంచాలన్నీ నిండిపోయాయమ్మా. రేపు పొద్దున రా," అన్నాను.

ఆమె కిటికీలోంచి వార్డులోకి చూసింది. "కిందనే పండుకుంటాడు సార్, చాప తెచ్చుకోనుండాను. నిన్నట్నించి ఈ మనిషి నన్నే గుర్తుపట్టడం ల్యా."

డాక్టరు పది అడుగుల దూరంలో ఉన్నాడు. పిలవలేదు. ఈ మనిషిని చూస్తే అధికారి నాలుగు ప్రశ్నలు అడుగుతాడు, మంచాల గుట్టు బయటపడుతుంది. అదే నా బెంగ. సర్కారు ఆసుపత్రికి తీసుకుపొమ్మన్న మాట కూడా నోటికి రాలేదు. ఆటో మాట్లాడి బస్టాండుకు పంపించేశాను, పెద్ద ఉపకారం చేసినట్టు.

అధికారి అంతా బాగుందని రాసి వెళ్లాడు. గ్రాంటు వచ్చింది. మరునాడు మంగమ్మ రాలేదు.

పదిహేను రోజులకు ఒక్కతే వచ్చింది. ఆ రోజు బస్టాండులోనే ఆయనకు ఫిట్స్ వచ్చాయట. ఆసుపత్రికి చేర్చేలోపు పోయాడట. ఏడవలేదు, నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఒక మాట అడగల్లని వచ్చినా సార్," అంది. "ఆ దినం కిటికీ పక్క మంచంలో మా ఊరి రెడ్డెప్ప పండుకోనుండాడు. నన్ను సూసి దుప్పటి కప్పుకునె. ఆయప్ప తాగుడు మానేసి రెండేండ్లాయ. ఆయప్ప బాగుపడింది సూసే గదా మా ఆయన్ను ఈడికి తెచ్చినా. ఆయప్ప యాల పండుకోనుండాడు సార్?"

అధికారికి చూపించడానికి పిలిచామని చెప్పాను. అబద్ధం చెప్పే ధైర్యం లేకపోయింది. ఆమె వార్డులోకి తొంగి చూసింది. లోపల ఏడు మంచాలు ఖాళీగా ఉన్నాయి. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

తర్వాత ఎవరినీ పిలిపించలేదు. ఖాళీని ఖాళీ అనే రాస్తున్నాను. దానివల్ల ఒక ఏడాది గ్రాంటు ఆలస్యమై సెంటరు కొన్నాళ్లు మూతపడింది కూడా. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు డాక్టర్ని పిలుస్తాను, మంచం సంగతి ఆ తర్వాత. ఇంత చిన్న విషయం నేర్చుకోవడానికి నాకు ఒక మనిషి ప్రాణం కావలసి వచ్చింది. ఆయన పేరు మా రిజిస్టరులో లేదు. తెలిస్తే రాయాల్సి వస్తుందని ఆ రోజు నేను అడగనేలేదు.