ఆముదం పట్టించిన సీట్లు

ఆ రెండు సీట్లు పాత కంబళిలో చుట్టుకుని, ఒక చిన్న టెంపోలో మా అంగడికి వచ్చాయి. పంపినవాడు మాలూరులో పెంకుల ఫ్యాక్టరీ నడిపే ఒకాయన. ఆయన రాలేదు. సీట్లతోపాటు వచ్చినది అవి ఉన్న పాత కారును ఇన్నేళ్లూ చూసుకున్న ముసలి డ్రైవరు. టెంపో వెనుక, రెండు సీట్లకూ మధ్య, రెంటి మీదా చేతులు వేసుకుని కూర్చుని వచ్చాడు.

రాబర్ట్‌సన్‌పేటలో మాది బండ్ల సీట్లు కుట్టే అంగడి. మా ఆయన పెట్టినది. ఆయన పోయాక మిషను మీద కోడలు కూర్చుంటుంది, కొలతలూ కత్తిరింపూ నావి. కొలత తప్పితే అంగుళంలో ఎనిమిదో వంతయినా నేను ఒప్పుకోను. ఆ సంగతి కోడలికి తెలుసు, గిరాకీలకూ తెలుసు.

కారు ఇంగ్లండులో తయారైనది. ఇద్దరే కూర్చోగల స్పోర్ట్స్ కారు. ఇక్కడి బంగారు గనిలో పనిచేసిన ఒక ఆఫీసరుది. గని మూతపడింది, కొన్నాళ్లకు ఆఫీసరూ పోయాడు. పిల్లలు బెంగళూరులో ఉండిపోయారు. కారు మాత్రం బంగళా వెనుక షెడ్డులోనే నిలిచింది. షెడ్డు తాళం చెవి డ్రైవరు దగ్గర ఉండేది. జీతం ఆగిపోయినా ఆయన ప్రతి ఆదివారం చర్చి అయ్యాక వెళ్లి ఇంజను ఆడించి, కారు తుడిచి వచ్చేవాడు. పోయిన ఏడు ఆఫీసరు పిల్లలు కారును మాలూరాయనకు అమ్మేశారు.

సీట్లు దించుతుండగానే డ్రైవరు నాతో చెప్పాడు.

"అమ్మా, ఓనరు నాకు మాట ఇచ్చినాడు. బండి మాలూరుకి పోయినా దాన్ని చూసుకునేది నేనే అంట. ఆదివారమాదివారం రైలెక్కి పోయి వస్తాను. తోలు మాత్రం బాగుండాదని నేను ఆయనకి చెప్పినాను. కుట్లు ఒకటే పోయినాయి. చూడు నువ్వే."

కంబళి తీసి చూశాను. కుట్లు ఒకటే కాదు. కూర్చునే చోట తోలు నల్లగా, మెత్తగా, జిడ్డుగా ఉంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది.

"దీనికేం పూసేవాడివన్నా?"

"ఆముదం. కొవ్వొత్తి మైనం కరిగించి అందులో కలిపి. వారం తప్పలేదు. జ్వరం వచ్చినా పోయినాను."

మా కోడలు మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పెదనాయనా, మా అత్త తలకి కూడా ఇంత నూనె పెట్టదు."

"అందుకే మీ అత్త తల అట్ల ఉండాది, ఈ సీటు ఇట్ల ఉండాది," అన్నాడాయన. ముగ్గురమూ నవ్వాం.

ఆముదం, మైనం అనగానే నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. మా నాన్నా గనిలో దిగినవాడే. ఆదివారం గని కూలీల లైన్లలో ప్రతి ఇంటి గడప దగ్గరా బూట్లు బోర్లించి ఉండేవి. పొయ్యి మీద ఆముదం వెచ్చబెట్టి, కాలగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలు అందులో వేసి, ఆ ముద్దను బూట్లకు రుద్దేవాళ్లు. గని లోపల కాళ్ల కింద ఎప్పుడూ నీళ్లే. నూనె పట్టించిన బూటు నీరు పీల్చదు, కాలు పుండు కాదు. మా అమ్మ ఆ పని ఒక్క వారం కూడా మానలేదు. తోలంటే నూనె పెట్టాలి, పెట్టకపోతే తోలుకు ద్రోహం. ఈ ఊళ్లో అందరమూ అలా పెరిగినవాళ్లమే.

మర్నాడు సీట్లు విప్పాం. విప్పడమంటే చింపడం కాదు. ప్రతి ముక్క మీదా సుద్దతో ఒక గుర్తు పెట్టాలి. అంచున తాడులా కుట్టిన పైపింగును చెడకుండా లాగాలి. మేకులు ఒక్కొక్కటే పీకాలి. ఆ పాత ముక్కలే కొత్తవాటికి అచ్చులు. గోనెపట్ట కింద గుర్రపు వెంట్రుకల మెత్త, దాని కింద స్ప్రింగులు. స్ప్రింగులకు తుప్పు పట్టినా బలం ఉంది. వెంట్రుకలను సబ్బునీళ్లలో ఉతికి, ఆరబెట్టి, వేళ్లతో చిక్కు తీస్తే మళ్లీ పొంగాయి. వీపు వైపు తోలు, పక్క తోలు చాలావరకు నిలిచాయి. కూర్చునే భాగం మాత్రం చేతిలోకి తీసుకోగానే మధ్యకు పిగిలిపోయింది.

కుట్టు గాడిలో బూడిదరంగు ఇసుక కనిపించింది. మా దిబ్బల ఇసుకే. గని రాయిని పిండి చేసి బంగారం తీశాక పోసిన ఆ దిబ్బల మీద గాలి లేచిందంటే ఊరంతా ఆ దుమ్మే. షెడ్డులోకీ వచ్చింది. ఉత్త తోలు మీద పడి ఉంటే గుడ్డతో దులిపితే పోయేది. జిడ్డు దాన్ని పట్టుకుంది. దాని మీద మళ్లీ జిడ్డు, మళ్లీ దుమ్ము. ఆదివారమాదివారం ఆయన ఎక్కి కూర్చుని ఇంజను ఆడించినప్పుడల్లా ఆ ఇసుక ఆకురాయిలా దారాన్ని కోసింది. ఆముదమేమో తోలును నానబెట్టి సారం లేకుండా చేసింది.

వారం తిరక్కుండానే మాలూరాయన వచ్చాడు. డ్రైవరూ అక్కడే ఉన్నాడు. పిగిలిన ముక్క చూసి మాలూరాయన ముఖం చిన్నబోయింది.

"తోలు బాగుండాదన్నారే అమ్మా. పాతదే మిగలాలని కదా నా ఆశ. ఎందుకిట్లాయింది?"

డ్రైవరు నా వైపు చూశాడు. ఏ అనుమానమూ లేని చూపు. నేను ఏం చెప్పినా తన మంచికే చెబుతాననుకున్న మనిషి చూపు.

"వయసప్పా. తోలుకి మాత్రం ముసలితనం రాదా?" అన్నాను.

"నేను చూసుకోబట్టి ఇంతకాలం వచ్చింది సార్," అన్నాడు డ్రైవరు.

"అందుకే కదా, బండి దగ్గర నువ్వుండాలనేది," అని మాలూరాయన ఆయన భుజం తట్టాడు.

మడత లోపల, వెలుతురు తగలని చోట తోలు ఇంకా ఎండుమిరపకాయ రంగులోనే ఉంది. ఆ రంగు చూసి కొత్త తోలు తెప్పించాం. పాత ముక్కల మీద పెట్టి నేను కోశాను, కోడలు కుట్టింది. నిలువు పట్టీల వెడల్పు ఒకచోట నూలుపోగంత ఎక్కువైతే విప్పించి మళ్లీ కుట్టించాను. కోడలు గొణిగింది. సీట్లు తయారయ్యాక మాత్రం పక్కకు నిలబడి తనే చాలాసేపు చూసుకుంది.

ఆ సాయంత్రం డ్రైవరు ఒక పాలపొడి డబ్బా పట్టుకొని వచ్చాడు. మూత తీయగానే వాసన తెలిసింది. వెచ్చగా, అప్పుడే కలిపినది.

"మొదటి దినం నుంచే పెట్టాలమ్మా. పాతదాన్ని ఆ ఆఫీసరు సాహెబు నా చేతికి లేటుగా ఇచ్చినాడు. ఇంగ దీనికి నూరేండ్లు భయం లేదు."

గుడ్డ డబ్బాలో ముంచి ఒంగాడు. నేను పరుగున వెళ్లి ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"వద్దన్నా."

"ఏమమ్మా, ఇంగా జిగురు ఆరలేదా?"

అప్పుడు కూడా ఏదో ఒకటి చెప్పి పంపేయవచ్చు. కానీ ఎన్ని ఆదివారాలు పంపగలను? మాలూరులో ఆయన చేతిని పట్టుకునేవాళ్లు ఎవరు? చెప్పాల్సిందే. అయితే చెప్పడం ఒక పద్ధతి, నేను చేసినది ఇంకొక పద్ధతి. మడత లోపలి నుంచి, నూనె తగలని పాత తోలు ఒక పట్టీ కోశాను. కూర్చునే భాగం నుంచి అదే వెడల్పున ఇంకొకటి. మొదటిది ఆయన చేతిలో పెట్టి లాగమన్నాను. రెండు చేతులా లాగాడు. సాగింది, తెగలేదు.

"రెండోది లాగు."

అది తడిసిన అప్పడంలా చిరిగి వచ్చింది.

"రెండూ ఒకే తోలు అన్నా. ఒకే వయసు. దీనికి నూనె తగల్లేదు, దానికి తగిలింది."

కోడలు మిషను ఆపేసింది. ఆయన రెండు ముక్కలనూ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మరి నువ్వు వయసు అంటివే?"

"ఓనరు ముందర అన్నాను."

"అయితే నేనేం చేసి ఉండాల్సింది?"

"ఏమీ లేదు. పొడిగుడ్డతో తుడిస్తే చాలు."

"ఏమీ చేయకుండా ఉంటే బాగుండేదా?"

జవాబు ఆయనకు తెలిసిపోయింది. అయినా నేను అవునన్నాను. ఆయన డబ్బా మూత నొక్కాడు. అది సరిగా పడలేదు, మళ్లీ నొక్కాడు. కోడలు కాఫీ తెస్తానంది. వద్దన్నాడు.

ఆయన పోయాక కోడలు నాతో అంది: "నోటితో చెప్పింటే సరిపోయేది కదత్తా. లాగించి చూపించాల్నా?"

చూపించకపోతే నమ్మడని అప్పుడు అనుకున్నాను. నమ్మేవాడేనని ఇప్పుడు అనుకుంటున్నాను.

సీట్లు బిగించే రోజున మాలూరాయన కారునే లారీ మీద తెచ్చి అంగడి ముందు దింపించాడు. వీధిలో పోయేవాళ్లంతా మూగారు. డ్రైవరు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బోల్టులు తనే బిగించాడు. పని అయ్యాక, ముందు నువ్వే కూర్చోమని మాలూరాయన తలుపు తీసి పట్టుకున్నాడు.

"వద్దు సార్. ఇంగోటి చెప్పాల మీకు. తోలు పోయింది వయసుకి కాదు. నా నూనెకి. ఈయమ్మ నా కోసరం అట్ల చెప్పింది."

మాలూరాయన ఒకసారి నన్ను, ఒకసారి ఆయనను చూసి నవ్వేశాడు. "అంతేనా? ఇంకమీద నూనె పెట్టొద్దు, అయిపోయింది. ఆదివారం వచ్చేయ్."

"రాను సార్. వేరేవాళ్లని చూసుకోండి." ఓనరు తనకిచ్చిన మాలూరు షెడ్డు తాళం చెవి తీసి కారు ముందరి అద్దం కింద పెట్టాడు. "దాని దగ్గర నిలబడితే నా చెయ్యి ఊరుకోదు."

మాలూరాయన చాలాసేపు బతిమాలాడు. నేనూ చెప్పాను, కోడలూ చెప్పింది. కారు కదిలినప్పుడు మాలూరాయన పక్కన కొత్త సీటు ఖాళీగానే ఉంది. డ్రైవరు నడుచుకుంటూ చర్చి వైపు వెళ్లాడు. నాకు చెప్పి వెళ్లలేదు.

మొన్న మాలూరాయన ఫోను చేశాడు. తోలు చెక్కుచెదరలేదట, కుట్టు ఒక్కటి కూడా వదల్లేదట. మేము చేసిన పని బాగున్నందుకు సంతోషించాలి. డ్రైవరు వచ్చాడా అని అడిగాను. రాలేదన్నాడు. ఇక్కడ, మా వీధిలోకీ ఆయన రావడం మానేశాడు. అంగడి ముందు నుంచి కాకుండా వెనుక సందులోంచి బజారుకు పోతాడని కోడలు చెప్పింది.