మందం లేని టైలు

మా అన్నయ్యను ఆఫీసులో గోడల గురువు అంటారట. ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లో ఇళ్లు గీస్తున్నాడు కానీ, ఒక్క ఇటుకైనా చేత్తో పట్టుకున్న పాపాన పోలేదు. పైగా తాపీ పట్టేవాళ్లంటే, అంటే మా ఆయనంటే, మహా చులకన.

మూడేళ్ల కింద నాన్నకు కాళ్లు పడిపోయాయి. అప్పటి నుంచి చక్రాల కుర్చీయే ఆయన లోకం. రోజూ ఎవరో ఒకరు చంటిపిల్లాణ్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని స్నానానికి తీసుకెళ్తుంటే సిగ్గుతో చచ్చిపోయేవాడు. ఆయన కోరింది ఒక్కటే. తన కుర్చీలో తనే లోపలికి వెళ్లి, తలుపేసుకుని, తన ఒంటి మీద తనే నీళ్లు పోసుకోవాలి. కొత్త స్నానాలగది నేను గీస్తానని అన్నయ్య మాటిచ్చాడు.

గీశాడు. తెర మీద మా అందరికీ చూపించాడు కూడా. టైళ్లు ధగధగలాడిపోతున్నాయి. కుర్చీ వెడల్పు అరవై ఆరు సెంటీమీటర్లు, గుమ్మం డెబ్బై. ఆ డెబ్బై ఇటుక నుంచి ఇటుకకా, టైలు నుంచి టైలుకా అని మా ఆయన మెల్లగా అడిగాడు. కంప్యూటర్లో ఇటుక, ప్లాస్టరు, టైలు వేటికవి పొరలుగా, మందంతో సహా పెట్టొచ్చని ఊరంతా గొప్పలు చెప్పుకునేది ఈ మహానుభావుడే. తీరా సొంతింటి ప్లానులో ఇటుక గోడ ఒక్కటి నిలబెట్టి, దాని మీద టైలు బొమ్మ అతికించి చేతులు దులుపుకున్నాడు. పైన పటారం, లోన లొటారం.

"టైలంటే రంగు లాంటిది బావా. దానికి మందమేంటి?" అన్నాడు.

ప్లాస్టరూ టైలూ రెండు వైపులా కలిపి ఆరు సెంటీమీటర్లు తినేస్తాయని, మిగిలేది అరవై నాలుగేనని మా ఆయన చెప్పాడు. అన్నయ్యకు ఒళ్లు మండిపోయింది. పని ఇంకో మేస్త్రికి అప్పగించి, గీసినదాన్ని దాటి గోరంత కూడా మార్చొద్దని హుకుం జారీ చేశాడు. అలాగే కట్టారు.

గది సిద్ధమైన రోజు పొద్దున్నే నాన్న భుజాన తువ్వాలు వేసుకుని బయల్దేరాడు. ఆ ముఖంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్లయిందో. కుర్చీ గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది. వెనక్కి లాగి మళ్లీ తోశాడు. చక్రాలు రెండూ టైళ్ల అంచుకు కొట్టుకున్నాయి.

అన్నయ్య ఏమన్నాడో తెలుసా? కుర్చీ తయారు చేసినవాళ్లకు కొలతలు రావన్నాడు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే కదా. అంతటితో ఆగినా బాగుండేది. ల్యాప్‌టాప్ తెచ్చి నాన్న ఒళ్లో పెట్టి, తెర మీద బొమ్మ కుర్చీని గుమ్మంలోంచి లోపలికి జరిపి చూపించాడు. చూడండి, వెళ్తోందిగా అన్నాడు. నాకు వాణ్ని చూస్తే అసహ్యం వేసింది.

నాన్న ఆ బొమ్మను చివరిదాకా చూశాడు.

"అయితే నా స్నానం అయిపోయినట్టేనా నాయనా?"

మా ఆయన సుత్తి, ఉలి తేవడానికి బయటికి నడిచాడు. అదంతా కొట్టి మళ్లీ కట్టడానికి వారం పడుతుంది.

నాన్న ల్యాప్‌టాప్ మూసి అన్నయ్య చేతికిచ్చి, రెండు చేతులూ పైకి చాచాడు. అన్నయ్య ఆయన్ని ఎత్తుకుని, గుమ్మంలో పక్కకు తిరిగి లోపలికి తీసుకెళ్లాడు. తలుపు తెరిచే ఉంది.