అతిథి మర్యాదకు మండిన బాయిలర్

2006లో, వేంసూరు సమీపంలోని ఒక నూనె మిల్లుకు చిమ్నీ వాయువులను కొలవడానికి వెళ్లాను. కళాశాలలో డిబేట్లు చేసిన అలవాటు అప్పటికింకా వదలలేదు. ఎవరు నమస్కారం పెట్టినా ఆధారం అడిగే వయసు.

బొగ్గు బాయిలర్ నడిపే రాములుకు ఆ రోజు గండమే. కొలత హద్దు దాటితే మరునాటి నుంచి పనిలోకి రానక్కర్లేదని యజమాని వెంకటేశ్వరరావు గారు ముందే చెప్పారు. అందుకే రాములు బాయిలర్‌కు బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టి, బొగ్గు దండిగా వేసి, డ్యాంపర్‌ను, అంటే ఫ్యాన్ గాలిని అదుపు చేసే రేకు తలుపును, పూర్తిగా తెరిచాడు. మంట తెల్లగా ధగధగలాడింది. చిమ్నీ మీద పొగ జాడే లేదు.

"చూశారా! మా చిమ్నీ మీద పిచ్చుక గూడు కట్టుకోవచ్చు," అన్నారు యజమాని.

వాయువులను కొలిచే నా ఎనలైజర్ మాత్రం నైట్రోజన్ ఆక్సైడ్లనే విషవాయువులు హద్దు దాటాయని చూపింది.

"బొగ్గులో ఏం కలిపావురా?" యజమాని రాములు మీదికి వెళ్లారు.

"నేనేం కలుపుత అయ్యా! గాలి జర ఎక్కువిచ్చిన, గంతే."

"కలిసింది ఆ గాలే," అన్నాను. "గాలిలో అధిక భాగం నైట్రోజనే. మంట మరీ వేడెక్కితే అది ఆక్సిజన్‌తో కలుస్తుంది. బొగ్గులోనూ కొంత నైట్రోజన్ ఉంటుంది. మిగులు గాలి దొరికితే అదీ అదే దారి పడుతుంది. పొగలా కంటికి కనబడదు."

"గాలిలో ఉన్నదానికీ నా మిల్లే జవాబు చెప్పాలా?"

నేను రాములును అడిగాను: "రోజూ ఇలాగే కాలుస్తావా?"

"ఏంది సార్ గట్లంటరు? చుట్టాలొస్తే రోజు తినే పచ్చడే పెడ్తమా? మీరొస్తున్నరని గిట్ల చేసిన!"

పరీక్ష జరగవలసింది రోజువారీ నడకకు. మామూలుగా నడపమన్నాను. అతడు అయిష్టంగానే బొగ్గు తగ్గించి, డ్యాంపర్ కొంత మూశాడు. మంట నారింజ రంగుకు దిగింది. చిమ్నీ నుంచి పల్చని పొగ లేచింది. యజమాని తల పట్టుకున్నారు. ఎనలైజర్ అంకెలు మాత్రం హద్దులోకి వచ్చాయి. ఆ పొగ కూడా హద్దులోనే ఉంది.

"పొగ లేకపోతే ఫెయిలు, ఉంటే పాసు! ఇదేం చదువండీ?"

మొదటి కొలతను కూడా కారణంతో సహా నివేదికలో రాస్తానన్నాను.

"ఏం కారణమని రాస్తారు?"

"అతిమర్యాద."

రాములు ఉద్యోగం నిలబడింది. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా ఎనలైజర్ తెరవకముందే అడుగుతాను: నేను రాని రోజున ఎలా కాలుస్తారు? మరుసటి ఏడు రాములు ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. గేటు దగ్గరే ఎదురొచ్చి, "ఈసారి మీ కోసమని ఏం చెయ్యలే సార్," అన్నాడు గర్వంగా.

నిజమే. టీ కూడా ఇవ్వలేదు.