తరవాణి కుండ, కామెర్ల పసరు

"కుండేటి సేసినావే?" అన్నాడు మా ఆయన.

"ఏటీ సెయ్యలేదు బావా. పొద్దున్నే గంజి పోసే వచ్చినాను."

"పారబొయ్యకు. ఆడికి తాగించు."

"అలాగేలే. నువ్ పడుకో."

మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలివే. ఆసుపత్రి మంచం మీద ఆయన, కింద చాప మీద నేను. లివరు పాడైపోయిందని డాక్టర్లు అప్పటికే చెప్పేశారు. పొట్ట నిండా నీరు, కళ్లు పచ్చగా పసుపు కొమ్ముల్లా ఉన్నాయి. అయినా ఆయనకు ఇంట్లో గంజి పులియబెట్టే తరవాణి కుండే గుర్తొచ్చింది. "ఆడు" అంటే మా ఒక్కగానొక్క కొడుకు. ఇది రాస్తున్నది వాడి పెళ్లాం, నా కోడలు. నాకు సంతకం వరకే వచ్చు. ఈ బొంగురు గొంతుతో నేను చెప్పబోతే వాడు సగంలో లేచిపోతాడు. ఫోన్లో వచ్చిందైతే ఎంత పొడుగున్నా చదువుతాడు. అందుకే ఇలా చెప్పి రాయిస్తున్నాను.

వాడి లివరుకిప్పుడు కొవ్వు పట్టి వాచింది. అచ్యుతాపురంలో వాడు పనిచేసే ఫ్యాక్టరీ వాళ్లు చేయించిన పరీక్షల్లో బయటపడింది. షిఫ్టు దిగి రోడ్డు మీద బిర్యానీ పొట్లం తిని, బస్సులో నిద్రపోయి ఇంటికొచ్చే మనిషి. డాక్టరమ్మ మాత్రలిచ్చింది, తిండి మార్చమంది. వాడేమో మాత్రలు మానేసి పసరు తాగుతానంటున్నాడు.

"నాన్నకి పసరుతోనే తగ్గింది గదా" అంటాడు.

తగ్గిన మాట నిజమే. అది ఎలాంటి తగ్గడమో వాడు తెలుసుకోవాలి.

పెళ్లయిన కొత్తలో మా ఆయన పోర్టులో బొగ్గు దించే పనికి వెళ్లేవాడు. ఓ వానాకాలం పచ్చకామెర్లు వచ్చాయి. మా వీధిలో ఇంకొందరికీ వచ్చాయి, కుళాయి నీళ్లు చెడిపోయి ఉంటాయి. మా వైపు కామెర్లంటే సూది వేయించకూడదంటారు, వేయిస్తే ముదిరిపోతుందని భయం. మా అత్త కొడుకును భీమిలి అవతల ఓ పల్లెకు తీసుకుపోయింది. అక్కడ ఓ ముసలాయన పరగడుపున నేల ఉసిరి నూరి పసరు పోసేవాడు. ఉప్పు, నూనె, పసుపు ముట్టకూడదు. చప్పిడి అన్నం, మజ్జిగ, అంతే. కొన్ని వారాలకు కళ్లు తెల్లబడ్డాయి. ఇంకేముంది, ముసలాయన మా ఇంటి దేవుడైపోయాడు. మా వీధిలో పసరు తాగనివాళ్లకూ ఆ కామెర్లు తగ్గాయి. కానీ వాళ్ల సంగతి ఎవరూ చెప్పుకోలేదు, మేమూ పట్టించుకోలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఆయన కళ్లు మళ్లీ పచ్చబడ్డాయి. ఈసారి వచ్చింది ఆ జబ్బు కాదు. లోపల ఎన్నాళ్లనుంచో ముదురుతున్నది. మాకు మాత్రం పచ్చగా ఉన్నవన్నీ ఒకటే.

"ఆసుపత్రికెల్దాం బావా" అన్నాను.

"పసరుండగా సూదెందుకే? నీకేటి తెల్సు?"

"నాకేటీ తెల్దు. నీకు తెల్సా?"

నవ్వి, భీమిలి బస్సెక్కేశాడు. పొట్ట ఉబ్బాకగానీ ఆసుపత్రి మెట్లెక్కలేదు.

ఆయన పోయాక పెద్దలు ఇంట్లో మట్టికుండలన్నీ బయట పడేయించారు. చావు మైల, ఉంచకూడదు. తరవాణి కుండ మా అత్త కాలం నుంచి ఖాళీ అయింది లేదు. రోజూ పైన తేరిన పులుపు నీళ్లు తీసుకుని తాగడం, కొత్త గంజి, పిడికెడు అన్నం వేయడం, అడుగున పాతది అలాగే ఉంచడం. అడుగున ఉన్నదే కొత్తదాన్ని పులియబెడుతుంది. ఆయనకిచ్చిన మాట ఆ కుండతోపాటే నేలపాలైంది. అయితే పక్కింటి గోదావరి జిల్లా ఆవిడ ఎప్పుడో నా కుండలోంచి చెంబుడు పట్టుకెళ్లి తన కుండలో కలుపుకుంది. మైల తీరాక ఆవిడే చెంబుడు తెచ్చిచ్చింది.

"మీదే, మీకే ఇత్తన్నానండి, మొగమాటమేంటి" అంది.

మొన్న కొడుకు కోసం నేనే డాక్టరమ్మ దగ్గరకెళ్లాను. కోడలు తోడొచ్చింది. సంచిలో వేళ్లతో సహా పీకిన నేల ఉసిరి మొక్క, సీసాలో తరవాణి. వరసలో కూర్చున్న ఓ అమ్మ ముక్కు మూసుకుంది.

"ఒలమ్మా, ఏటా వాసన? ఎండుసేపలు తెచ్చినావేటి?"

"మందమ్మా. తాగుతావేటి?" అన్నాను. ఆవిడ పక్కకు జరిగింది.

డాక్టరమ్మ నవ్వలేదు. మొక్కను తిప్పి చూసింది. ఈ ఆకులో గుణం ఉందేమోనని చదువుకున్నవాళ్లూ చూస్తున్నారట, ఇంకా తేలలేదట. "పసరులో ఇంకేం కలిపారో, ఎంత పోశారో తెలీదు కదమ్మా. కొన్ని ఆకులు లివర్‌నే దెబ్బతీస్తాయి. మాత్రలు మాత్రం మాననివ్వొద్దు" అంది.

తరవాణి గురించి అడిగాను. మన పేగుల్లో కోట్ల సూక్ష్మజీవులుంటాయట. పేగుల్లోంచి వచ్చే రక్తం ముందు లివరుకే పోతుందట. మంచివి బలంగా ఉంటే పేగు గోడ గట్టిగా ఉండి, చెడ్డది లివరు దాకా పోకుండా ఆపుతుందట. పులిసిన తిండి ఆ మంచివాటికి సాయం చేయొచ్చంది. చేయొచ్చు అంది, చేస్తుంది అనలేదు. ఆ తేడా నేను పట్టుకున్నాను.

"మరి మా ఆయనకి కూడా మంచి సేసుంటాదా తల్లీ?"

"ఆయన జబ్బు చాలా దూరం వెళ్లిపోయిందమ్మా. అలాంటివాళ్లకి పులిసినవి ఇచ్చేముందు మేమే ఆలోచిస్తాం. మీ అబ్బాయిది ఇంకా తొలి మెట్టు. శుభ్రంగా, ఉప్పు తక్కువగా తాగనివ్వండి."

తొలి మెట్టు. ఒరే నాయినా, ఆ మాట వినడానికే నేను ఆటోలో అంత దూరం పోయాను. మీ నాన్నకు ఆ మెట్టు ఉండే ఉంటుంది, ఎవరం చూడలేదు. నీకు మిషను చూపించింది.

"అత్తా, తరవాణి తాగమని రాయనా, వొద్దని రాయనా?" అంటోంది నీ పెళ్లాం.

తాగమని రాయి. మాత్ర మానకుండా తాగమను. బిర్యానీ పొట్లం తగ్గించమను. పసరు జోలికి పోవద్దను. దీనివల్ల నయమైపోతుందని మాత్రం ఎక్కడా రాయకు పిల్లా, ఒక్కసారి అలా నమ్మే మనిషిని పోగొట్టుకున్నాం. నా నోటినుంచి పొరపాటున అలాంటి మాట దొర్లిందేమో, దొర్లితే తీసెయ్యాలి. ఏదీ, మొదట్నుంచి నెమ్మదిగా చదివి వినిపించు.