తాళ్లు లేని రింగు

కరోనా తగ్గి పోటీలు మళ్లీ మొదలైన ఏడాది, దీపావళి వెళ్లిన కొద్ది రోజులకు నన్ను ఆర్మూర్ పంపారు. అప్పట్లో నేను రాష్ట్ర బాక్సింగ్ కోచ్‌ని. జాతీయ శిక్షణ శిబిరం కోసం హైదరాబాద్‌లో జరిగే సెలక్షన్ ట్రయల్స్‌లో మన కుర్రాడు చరణ్‌కు జాతీయ చాంపియన్‌తో పోటీ పడింది. శిబిరంలో ఒక్కో బరువు విభాగంలో ఇద్దరికి చోటు ఉంటుంది. ఒకటి గెలిచినవాడికి, రెండోది ఆట చూసి సెలక్టర్లు ఎంచినవాడికి. చరణ్ ఆటలో లోపాలు చూడాలి, దిద్దగలిగితే దిద్దాలి, లేదంటే ఈసారి దించవద్దని రాసి పంపాలి. ఈ మూడో పని ఏ కోచ్‌కూ నచ్చదు. కానీ సిద్ధంగా లేనివాణ్ణి చాంపియన్ ముందు నిలబెడితే ఒక్క దెబ్బకే భయం పట్టుకుంటుంది. దాన్ని వదిలించడం తర్వాత ఎవరి తరమూ కాదు.

చరణ్‌ది నందిపేట్ దగ్గరి పల్లె. పసుపు, మక్క పండించే ఇల్లు. రోజూ షేర్ ఆటోలో ఆర్మూర్ వచ్చి రాజేశ్వర్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడి దగ్గర నేర్చుకునేవాడు. నేను వెళ్లేసరికి వాళ్లమ్మ కూడా అక్కడే ఉంది. నమస్కారం పెట్టి సూటిగా అసలు సంగతికి వచ్చింది.

"క్యాంపుల తీస్కుంటే సరే సార్, లేకుంటే వాళ్లన్న తానికి దుబాయి పోతడు. వీసా గూడ వచ్చింది. ఇంకెన్ని దినాలు గీ గుద్దులాట?"

చరణ్ తల దించుకున్నాడు. దుబాయి మాట వాడికి గిట్టదని వేరే చెప్పనక్కర్లేదు.

చాంపియన్ ఆట నాకు కొట్టిన పిండి. అతను తొందరపడడు. అడుగులతోనే దారులన్నీ మూసి, ఎదుటివాణ్ణి రింగు తాళ్ల మీదికి నెట్టి, అప్పుడు పక్కటెముకల కింద ఎడమ హుక్ వేస్తాడు. మోచేయి వంచి పక్కనుంచి కొట్టే దెబ్బ అది. తిన్నవాడు వారం దాకా నవ్వలేడు.

చరణ్ పోటీల వీడియోలు ఫోన్‌లో చూశాను. ఎడమ చేయి సూటిగా చాచి జ్యాబ్ కొట్టాక ఆ చేయి కిందికి జారుతుందని అందరూ చెప్పారు. నిజమే, కానీ అది త్వరగానే దిద్దగలిగేది. నాకు అంతుపట్టనిది మరొకటి. ఏ వీడియోలోనూ వీడి వీపు తాళ్లకు తగల్లేదు. ఎదుటివాళ్లను అంతదాకా రానిచ్చేవాడు కాదు. తగిలితే ఏం చేస్తాడో ఎవరికీ తెలియదు.

మర్నాడు పొద్దున సాధన చూశాను. గచ్చు మీద సున్నంతో చదరం గీసి, అదే రింగు అనుకుని ఆడుతున్నారు. వీడికంటే బరువైన కుర్రాణ్ణి పిలిచి చరణ్‌ను వెనక్కి నెట్టమన్నాను. చరణ్ వెనక్కి నడిచి, గీత దాటగానే రెండు చేతులూ దించేసి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. రాజేశ్వర్ విజిల్ వేశాడు. ఇద్దరూ బుద్ధిగా మధ్యలోకి వచ్చి మళ్లీ మొదలుపెట్టారు. ఎన్నిసార్లు నెట్టించినా అదే తంతు. నాకు ముందు నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది.

చేతులెందుకు దించావని అడిగితే నన్నే వింతగా చూశాడు. "గీత దాటినంక కొట్టొద్దు గద సార్!"

ఇన్నేళ్లూ వెనక్కి పోవడం వాడికి విశ్రాంతి. ట్రయల్స్‌లో తాడు వీపుకు తగలగానే ఆ చేతులు వాటంతటవే దిగుతాయి. చాంపియన్ ప్రతి పోటీలో కాచుకుని ఉండేది సరిగ్గా ఆ క్షణం కోసమే.

సంగతి చెబితే రాజేశ్వర్ ముఖం మాడిపోయింది. "మా తాన తాళ్లు యాడికెల్లి వస్తయి సార్? సున్నం దొరికింది, గీత గీసిన," అన్నాడు. సున్నంతోనే ఇంతవాణ్ణి చేశావు, తాళ్లుంటే నా ఉద్యోగానికే ఎసరు పెట్టేవాడివి అన్నాను. అప్పుడు కాస్త నవ్వాడు.

తాళ్లు ఇచ్చింది లింగం సేఠ్. చరణ్ వాళ్ల పసుపు మార్కెట్లో అమ్మిపెట్టే అడ్తిదారు, ఆటలంటే చెవి కోసుకునే మనిషి. "కొత్త పసుపు వచ్చేదాంక గోదాం ఖాళీనే సార్, తీస్కోండ్రి. జర తుమ్ములొస్తయి, ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు. నాలుగు ఇనుప స్తంభాలకు ఖాళీ గోనెసంచులు చుట్టి, లారీ లోడుకు కట్టే మోకులు వరసలుగా బిగించాం. అసలు రింగు కంటే చిన్నదే వచ్చింది. పారిపోవడానికి చోటు తక్కువని నేను సంతోషించాను. ఇక తుమ్ముల విషయంలో సేఠ్ తగ్గించే చెప్పాడు. పాత పసుపు దుమ్ము లేచి, సాయంత్రానికి అందరం పెళ్లికొడుకుని చేసినట్టు తయారయ్యేవాళ్లం.

తాడు తగలగానే మోచేతులు పక్కటెముకలకు ఆనించాలి, గడ్డం లోపలికి పెట్టాలి, ముందు పాదం మీద తిరిగి పక్కకు జారాలి. ఈ తిరగడాన్నే పివట్ అంటాం. మొదట్లో తాడు తగిలితే చాలు, చరణ్ చేతులు దిగేవి. దిగినప్పుడల్లా నేను చేతికి తొడుక్కున్న ప్యాడ్‌తో ఒకటి చరిచేవాణ్ణి. "చాంపియన్ గూడ గింత గట్టిగ కొట్టడు సార్," అన్నాడు. ముందు తిని చూసి చెప్పమన్నాను. నెమ్మదిగా చేతులు నిలవడం నేర్చాయి. దించవచ్చని రాసి పంపాను.

ట్రయల్స్‌కు వాళ్లమ్మ, లింగం సేఠ్ కూడా వచ్చారు. మొదటి రౌండు పూర్తిగా చాంపియన్‌దే. రెండో రౌండులో అతను చరణ్‌ను తాళ్ల మీదికి నెట్టాడు. తాడు వీపుకు తగిలింది. చేతులు దిగలేదు. హుక్ మోచేతి మీద పడింది. చరణ్ గిర్రున తిరిగి పక్కకు జారేసరికి తాళ్లకు ఆనుకుని ఉన్నది చాంపియన్! సేఠ్ ఆనందం పట్టలేక నా వీపు మీద చరిచాడు. ఆ దెబ్బ మాత్రం నేను కాచుకోలేదు.

చివరికి చాంపియనే గెలిచాడు, కానీ ఐదుగురు జడ్జీల్లో ఇద్దరు చరణ్ వైపు నిలిచారు. రింగు దిగి వాడు ఏడ్చాడు. సాయంత్రం సెలక్టర్లు చదివిన రెండో పేరు చరణ్‌ది. వాళ్లమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఇగ దుబాయికి ఫోన్ జేసి వద్దని చెప్పాలె," అని లేచింది. నా సర్వీసులో అంత సంతోషించిన రోజులు ఎక్కువ లేవు.

ఆ తర్వాత ఎవరి ఆట చూడమని పంపినా నేను ముందు చేతులు చూడటం మానేశాను. నేర్చుకున్న చోట ఆట ఎక్కడ ఆపుతారని అడిగేవాణ్ణి. ఆపడం అలవాటైన చోటే బాక్సర్ దెబ్బ తింటాడు.