అయిదో నంబరు మీరే ఉంచుకోండి

అలెగ్జాండ్రియాలో మా మేడ మొత్తానికి ఇంటర్నెట్ లైను ఒకటే. బాల్కనీల మీదుగా కేబుళ్లు లాక్కుని, కంప్యూటరుకో నంబరు పెట్టుకుని వాడుకుంటాం. నా పై వాటాలో అబ్దుల్ మక్సూద్ ఉంటాడు. ముప్ఫై ఏళ్లు ట్రాములో కండక్టరు. "ముందు మీరు" అనకుండా ఏ గుమ్మమూ దాటి ఎరగడు. హజ్ దరఖాస్తుల క్యూలో కూడా అందరినీ ముందుకు పంపి, ఏటా గడువు దాటించుకుని ఇంటికొచ్చేవాడు. ఆయన భార్య ఇంతిసార్ పదకొండేళ్లు ఓర్చుకుంది.

ఈ ఏడు దరఖాస్తు ఇంట్లోనే కంప్యూటర్లో నింపవచ్చన్నారు. దారివ్వడానికి మనిషే ఉండడని ఆవిడ సంబరపడింది. తీరా ఆఖరి రోజు పొద్దున నెట్ పోయింది.

నేను పైకి వెళ్లి వాళ్ల కంప్యూటర్లో నెట్‌వర్క్ అడాప్టర్ సెట్టింగులు తెరిచాను. మక్సూద్ నంబరు అయిదు. ఎదురు వాటా బహ్గత్ కొత్త కంప్యూటరు కొని దానికీ అయిదే పెట్టాడు. ఒకే నంబరు ఇద్దరికుంటే ఇద్దరికీ నెట్ రాదు. ఒకరు మార్చుకుంటే చాలు, రెండు నిమిషాల పని.

"నువ్వుంచుకో తమ్ముడూ, నేను ఆరుకి పోతా!" అని బాల్కనీలోంచి అరిచాడు మక్సూద్.

"అయ్యో, పెద్దవారు మీరు! నేనే పోతా!" అన్నాడు బహ్గత్.

ఇద్దరూ లోపలికెళ్లి ఆరు పెట్టారు. మళ్లీ బయటికొచ్చి, నీకోసం వదిలానంటే నీకోసం వదిలానని వాదించుకుని, ఇద్దరూ అయిదుకి తిరిగొచ్చారు. మక్సూద్‌కి రోషం వచ్చింది.

"మళ్లీ అయిదు ముట్టుకున్నానంటే నా పెళ్లాం నాకు తలాకే!"

బహ్గత్ తక్కువ తిన్నాడా? అదే ఒట్టు తనూ పెట్టాడు. ఇక ఏడు, ఎనిమిది, తొమ్మిది... ఇద్దరూ మర్యాద చేసుకుంటూ కాలుపెట్టిన ప్రతి నంబరు దగ్గరా ఎవరో ఒకరికి నెట్ పోయింది. పదకొండు నాది. మర్యాదస్తులంటే నాకు ఒళ్లు మండేది ఆ రోజు నుంచే.

గడువు రెండింటికి. ఒంటిగంటా నలభైకి ఇంతిసార్ మొగుణ్ణి కుర్చీలోంచి లేపింది.

"నేనైతే ఏ ఒట్టూ పెట్టలేదు," అంటూ అయిదు కొట్టింది. నెట్ వచ్చింది. తన పేరు, పుట్టిన తేదీ నింపింది.

"తోడుగా ఎవరొస్తారని అడుగుతోంది," అంది.

మక్సూద్ గొంతు సవరించుకున్నాడు. "బహ్గత్ వాళ్లమ్మ ఎన్నాళ్ల నుంచో హజ్‌కి వెళ్లాలనుకుంటోంది, పాపం..."

ఆవిడ మళ్లీ కీబోర్డు వైపు తిరిగింది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. తోడు పేరుండాల్సిన గడి ఖాళీగా వదిలేసి, దరఖాస్తు పంపేసింది.

"మరి నా పేరో?" అన్నాడు మక్సూద్ బిత్తరపోయి.

"మీ చోటు మీరే ఇచ్చేశారుగా," అని ఆవిడ టీ పెట్టడానికి వెళ్లింది.