టవరు పోటు

ఒకచోట కుదురుగా కూర్చోలేని దానికి అద్దాల మీద గీతలు గీసే ఉద్యోగం ఎవరిచ్చారే అని మా అక్క నన్ను ఆటపట్టించేది. నిజమే, నాది కూర్చుని చేసే పని. ఎండను ఆపే అద్దాలకు కంటికి ఆననంత పలచని లోహపు పూత ఉంటుంది. అది వేడిని బయటే ఆపేస్తుంది, దాంతోపాటు సెల్‌ఫోన్ సిగ్నల్నీ ఆపేస్తుంది. ఆ పూతలో వెంట్రుక కన్నా సన్నటి గీతలు చెక్కి, వేడి రాకుండా సిగ్నల్ మాత్రం వచ్చేలా చేయాలి. గీత పొడవు, గీతకీ గీతకీ మధ్య ఎడం, వాటినిబట్టే ఏ తరంగం లోపలికి వస్తుందో తేలుతుంది. కాస్త తేడా వచ్చినా కథ మళ్లీ మొదటికే. హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు ఆ గీతలు గీస్తూ గంటకి నాలుగుసార్లు లేచి తిరిగేదాన్ని.

అక్కా బావా యానాం దగ్గర దరియాలతిప్పలో రొయ్యల చెరువులు చేస్తున్నారు. రెండు చెరువులు, ఇంటికి అర కిలోమీటరు దూరం. తెల్లారి నుంచి గట్ల మీద తిరిగొచ్చాక మధ్యాహ్నం నడుం వాల్చడానికి అక్క మేడ మీద ఒక గది వేయించుకోవాలనుకుంది. నాకు ఫోన్ చేసి, "ఎండ రాకూడదు, ఫోన్ మోగాలి. నీ చదువు ఈపాటి పనికొస్తుందా రాదా?" అంది. సరదాకి అడిగింది కాదు. చెరువులో నీళ్లు చిలికే ఏరియేటర్లు ఆగిపోతే రొయ్యకి ఊపిరి అందదు. మబ్బు పట్టిన రోజైతే మరీ తొందరగా ఉక్కిరిబిక్కిరి అవుతుంది. అందుకని అక్క ఎక్కడుంటే అక్కడ ఫోన్ మోగాలి. మోగకపోతే పంట పోతుంది. పోనీ ఇంకో దారి ఉందా అంటే, అక్కది బటన్ల ఫోన్, వైఫై మీద కాల్ రాదు. తడి చేతులకి అదే నయమంటుంది.

గది ప్లాను ఫొటో తీసి పంపించారు. చుట్టూ కాంక్రీటు గోడలు, సిగ్నల్ రావాలంటే కిటికీలోంచే. కిటికీ తూర్పు గోడకి, దానికి సూటిగా కనకాలపేట వైపు టవరు. ఎదురుగా వచ్చే సిగ్నల్‌కి సరిపోయేట్టు రెండు నెలలు కూర్చుని గీతలు లెక్కకట్టాను. అద్దం తయారై యానాం చేరింది. దాని వెనకే నేనూ సెలవు పెట్టి వచ్చాను. మేడెక్కి చూస్తే కిటికీ ఉత్తరం గోడకుంది.

"ఇదేంటే? తూర్పున కదా ఉండాలి?"

"తూర్పున టవరు పోటంట. మీ బావనడుగు," అంది అక్క.

ఇంటికి ఎదురుగా వీధి వచ్చి గుచ్చుకున్నట్టుంటే వీధిపోటు అంటారు, అలాంటి ఇల్లు కొనడానికి జనం జంకుతారు. కానీ టవరుకి పోటేమిటి? వాస్తు రాసిన రోజుల్లో టవర్లెక్కడివి బావా అన్నాను. బావ తడుముకోలేదు. "ఈదిలోంచి వచ్చేది బండి, టవర్లోంచి వచ్చేది నీ తరంగం. ఎదురుగా వచ్చి గుచ్చుకునేది ఏదైనా పోటే కదమ్మా!" మేస్త్రీ కూడా అవునన్నాడట. నాకు నవ్వాగలేదు. రెండు నెలలు నేను గీసిందంతా ఆ పోటు కోసమే మరి.

నవ్వి ఊరుకోకూడదని నాకు తెలుసు. వెదురు తడికకి ఎదురుగా నిలబడితే సందుల్లోంచి అవతలి మనిషి కనిపిస్తాడు. పక్కకి జరిగి ఏటవాలుగా చూస్తే తడికే కనిపిస్తుంది. నా గీతలూ అంతే. సిగ్నల్ ఏటవాలుగా వస్తే అవి వేరే తరంగానికి దారిస్తాయి, మాకు కావలసిన దాన్ని ఆపేస్తాయి. కొలిచే పరికరం నా సంచీలోనే ఉంది. కానీ అద్దం బిగించేవాళ్లు మెట్ల మీద నిలబడి తొందరపెడుతున్నారు, నాకేమో కాళ్లు అప్పుడే గోదారి గట్టు వైపు లాగుతున్నాయి. అద్దం బిగించాక అక్క ఫోన్ చేత్తో పట్టుకుని కిటికీని ఆనుకుని నిలబడి దానికి ఒకసారి రింగిచ్చాను. మోగింది. "సరిపోయింది," అన్నాను. మంచం దగ్గర చూడనేలేదు.

మూడో రోజు పొద్దున్నుంచే మబ్బు. బావ మేత కోసం కాకినాడ వెళ్లాడు. మధ్యాహ్నం అక్క ఆ మంచం మీద పడుకుంది, తలగడ పక్కనే ఫోన్. నేను కింద చాప మీద కూర్చుని నా అద్దం గొప్పలు చెబుతున్నాను. గది చల్లగా ఉందనీ, ఇన్నాళ్లకి హాయిగా ఉందనీ అక్క అంటోంది. ఇంతలో చెరువుల దగ్గర పనిచేసే పెద్దాయన రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చాడు.

"ఎన్నిసార్లు చేసేనండీ అమ్మగారూ! రొయ్య పైకి తేలిపోతందండి!"

చెరువుల కరెంటు లైను వేరు, ఇంటిది వేరు. అక్కడ ఫ్యూజు పోయింది, జనరేటర్ ఎంత లాగినా పట్టలేదు. నీళ్లలో చల్లే ఆక్సిజన్ మాత్రలు మా ఇంట్లో కింది గదిలో ఉన్నాయి. అవి పట్టుకురమ్మనే ఆయన ఫోన్ చేసింది. ముగ్గురం పరుగెత్తాం. ఒక చెరువు దక్కింది. రెండోదాంట్లో రొయ్యలు గట్టు అంచున గుంపుగా చేరి, మా కళ్లముందే ఒక్కొక్కటీ అడుక్కి దిగిపోయాయి. ఇంకో ఇరవై రోజుల్లో పట్టాల్సిన పంట. అక్క ఒడ్డున బురదలోనే కూలబడింది.

సాయంత్రం బావ రాగానే ఆ దుఃఖమంతా ఆయన మీద పడింది. "మీరూ మీ టవరు పోటూనూ! కిటికీ ఉన్నచోట ఉండనిస్తే ఈ గతి పట్టునా?" ఆ రోజుతో ఆగలేదు. కాఫీ ఇస్తూ తిట్టింది, అన్నం పెడుతూ తిట్టింది. బావ తల దించుకుని వినేవాడు. తర్వాత ఇంటికి భోజనానికి రావడమే మానేశాడు.

నేను సెలవు పొడిగించి కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. ఎవరూ లేనప్పుడు మేడెక్కి పరికరం పెట్టి కొలిచాను. మంచం దగ్గర సిగ్నల్ దాదాపు లేదు. ముందే కొలిచి ఉంటే అయిదు నిమిషాల్లో తెలిసేది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. రోజూ రేపు చెబుదామనుకునేదాన్ని.

పంట పోయిన పదో రోజు వంటింట్లో అక్క చింతచిగురు బాగుచేస్తుంటే చెప్పేశాను. కిటికీ గోడ మారిందని చూసీ కొలవలేదని, ఏటవాలైతే పనిచేయదని నాకు ముందే తెలుసని. అక్క చేతులు ఆగాయి. నా ముఖం వైపు చూడలేదు.

"నాకెందుకే చెప్తున్నావు? తిట్లు తిన్నది నేనా?" అంది. లేచి క్యారేజీ సర్ది నా చేతిలో పెట్టింది.

బావ ఖాళీ చెరువు గట్టు మీద ఉన్నాడు. క్యారేజీ పక్కన పెట్టి, అక్కకి చెప్పిందంతా మళ్లీ చెప్పాను.

"కొలవలేదంటే సర్లేమ్మా, పొరపాటు ఎవరికైనా వస్తది," అన్నాడు. "ఈ పది రోజులూ మీ అక్క నన్ను తిడతంటే, పక్కనే కూర్చుని కాఫీ తాగేవు చూడూ..."

ఆ మాట అక్కడే వదిలేసి, క్యారేజీ మూత తీసి అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు.